పళ్లేలు తిరిగే బంతిలో బావగారు

అమెరికా నుంచి తిరిగొచ్చిన దగ్గర్నుంచీ మా వీధిలో అందరూ అడుగుతున్నది ఒక్కటే, నయాగరా ఎలా ఉందని. నేను నయాగరా చూడలేదు. న్యూజెర్సీలో కారెక్కి మర్నాడు సాయంత్రానికి నార్త్ కరొలినాలో దిగాను. నా యాత్ర మొత్తం అంతే. దారిలో ఒక హోటల్లో పళ్లేలు వాటంతటవే జనం ముందు తిరుగుతుంటే చూశానని చెబితే "ఓస్, ఇంతేనా" అన్నట్టు మొహం పెడుతున్నారు. అందుకే చెప్పడం మానేసి రాయడానికి కూర్చున్నాను. కాగితమైతే మధ్యలో లేచిపోదు.

ముందు నా సంగతి చెప్పాలి. కాకినాడ టెలిఫోన్ ఆఫీసులో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేసి రిటైరయ్యాను గానీ, బంధువుల్లో నాకున్న పేరు ఆ ఉద్యోగం వల్ల వచ్చింది కాదు. వడ్డన వల్ల వచ్చింది. ఎవరింట్లో పెళ్లయినా బంతి వేసి ఆకులు పరవగానే "రాజ్యలక్ష్మి ఏదీ?" అంటారు. ఎవరి ఆకులో అన్నం తగ్గిందో, ఎవరికి పప్పు చాల్లేదో ఆ చివర నుంచే కనిపెట్టేస్తాను. వద్దని ఆకుకి అడ్డం పెట్టిన చేతివేళ్ల సందుల్లోంచి నెయ్యి పోయగలను. పెట్టడం అందరూ పెడతారు, కొసరి పెట్టడమే మర్యాద అని మా అమ్మ నేర్పింది. ఈ విద్యలో మా శారదక్కయ్య నాకంటే రెండాకులు ఎక్కువే చదివింది.

అక్కయ్య నలభై ఏళ్ల కిందట బావగారితో అమెరికా వెళ్లింది. పోయిన ఏడాది అక్కడే కన్నుమూసింది. పది నెలలయ్యాక వాళ్లమ్మాయి లావణ్య నాకు ఫోన్ చేసింది. అమెరికాలోనే పుట్టిన పిల్ల, తెలుగు దాని నోట్లో కాస్త జారుతూ ఉంటుంది.

"పిన్నీ, డాడీ అస్సలు తినట్లేదు. ట్వెంటీ ఫైవ్ పౌండ్స్ తగ్గిపోయాడు. ఇలాగే ఉంటే హాస్పిటల్‌లో అడ్మిట్ చెయ్యాలి అని డాక్టర్ చెప్పాడు. నువ్వు రావా? నువ్వు పెడితే ఎవరూ నో చెప్పలేరు అని అమ్మ ఎప్పుడూ చెప్పేది."

పోయిన అక్కయ్య ఇచ్చిన బిరుదు. కాదనలేక విమానం ఎక్కేశాను.

ఐసెలిన్

బావగారు మత్తు డాక్టరు. ఆపరేషన్ బల్ల మీద మనిషిని నిద్రపుచ్చి, మళ్లీ మెలకువ వచ్చేదాకా తల దగ్గర కూర్చునే పని. ముప్పై అయిదేళ్లు ఆ పని చేసినందుకో ఏమో, ఆయన గట్టిగా మాట్లాడరు, ఎవర్నీ ఏదీ అడగరు. ఎయిర్‌పోర్టులో ఆయన్ని చూశాను. చొక్కా కాలరుకీ మెడకీ మధ్య రెండు వేళ్లు పట్టేంత ఖాళీ.

వాళ్లిల్లు ఐసెలిన్ పక్కనే. మర్నాడే నన్ను ఓక్ ట్రీ రోడ్డుకి తీసుకెళ్లారు. చీరల కొట్లు, నగల కొట్లు, మిఠాయి వాసన, కారు ఆపడానికి చోటు కోసం గొడవ, అన్నీ మన మెయిన్ రోడ్డులాగే ఉన్నాయి, హారన్లు మాత్రం లేవు. గోంగూర కట్ట రెండు డాలర్లు. డాలరు నలభై అయిదు రూపాయలు. మనసులో గుణించి కట్ట కింద పెట్టేశాను. కొట్లో ఉన్న కరీంనగర్ ఆవిడ నవ్వింది.

"తీస్కోండక్కా, పొద్దుగాలనే దిగింది, మంచి ఫ్రెష్‌ది. గుణించుడు మొదలుపెడితే ఈడ ఏం తినలేరు."

తీసుకున్నాను. గోంగూర పచ్చడి, కంద బచ్చలి, రొయ్యల ఇగురు, రోజుకో రకం చేశాను. బావగారు పళ్లెం ముందు కూర్చుని, గరిటె ఇంకా గిన్నెలో ఉండగానే "చాలమ్మా" అనేవారు. నేను వింటానా? రెండు గరిటెలు ఎక్కువే వేసేదాన్ని. ఆయన నాలుగు ముద్దలు తిని మిగతాది పళ్లెంలో అటూ ఇటూ కదిపేవారు. వారం తిరిగేసరికి ఎంతవరకూ వచ్చిందంటే, నేను గరిటె పట్టుకుని లేస్తే ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచేవారు. నా జన్మలో నా చేతికి అంత అవమానం జరగలేదు. కానీ కోపం కంటే భయమే ఎక్కువ వేసింది. ఈ మనిషి నా కళ్ల ముందే చిక్కిపోతున్నాడు, నాకు తెలిసిన విద్య పనిచెయ్యడం లేదు.

లావణ్య నార్త్ కరొలినాలోని మోరిస్‌విల్‌లో ఉంటుంది. నాన్నని తీసుకుని తన దగ్గరికి రమ్మంది. పొద్దున బయల్దేరితే రాత్రికి చేరిపోయే దారేనట. బావగారు డ్రైవ్ చేస్తే మాత్రం రెండు రోజులు. బోర్డు మీద అరవై అయిదు అని రాసుంటే ఆయన యాభై అయిదులోనే వెళతారు.

మేరీలాండ్, రెస్ట్ ఏరియా

రెండు రోజులకి సరిపడా కట్టాను. పులిహోర, పెరుగన్నం, పెసర గారెలు. బయటి తిండి అంటే బావగారు అసలే ముట్టరని నా లెక్క. దారిలో డెలావేర్ దగ్గర పెద్ద వంతెన దాటాం. కింద ఓడలు బొమ్మల్లా ఉన్నాయి. ఆ రోడ్ల సంగతి మాత్రం ఒప్పుకుని తీరాలి. వంద మైళ్లు వెళ్లినా ఒళ్లో పెట్టుకున్న మంచినీళ్ల గ్లాసు తొణకలేదు.

రెస్ట్ ఏరియాలో బల్ల తుడిచి, చేతులు కడుక్కుని వచ్చాను.

"బావగారూ, ఆ సంచీ ఇలా ఇవ్వండి. డిక్కీలో పెట్టారు కదా?"

"నువ్వు పెట్టావనుకున్నాను రాజీ."

తానొకటి తలిస్తే దైవమొకటి తలచిందట. నా పులిహోర ఐసెలిన్‌లో వంటింటి గట్టు మీదే ఉండిపోయింది. నేను నెత్తిన చేతులు పెట్టుకున్నాను. బావగారు నన్ను ఓదార్చారు. "పోనీలే, ఐ యామ్ నాట్ హంగ్రీ" అన్నారు. ఆ గొంతులో ఊరట స్పష్టంగా వినబడింది. రెండు రోజులపాటు ఈ మరదలు గరిటె పట్టదన్న ఊరట. నాకు ఒళ్లు మండిపోయింది.

వర్జీనియా, వానలో

వాషింగ్టన్ చుట్టూ ఉన్న రోడ్డు మీద ఇరుక్కుపోయి, వానొచ్చి, సాయంత్రం నాలుగింటికి ఒక షాపింగ్ సెంటర్ ముందు కారు ఆపాం. బావగారు కాళ్లు సాగదీసుకోవడానికి. నేను తిండి వెతకడానికి. అక్కడ ఒక హోటలు అద్దంలోంచి చూస్తే లోపల రంగురంగుల చిన్న పళ్లేలు వరసగా నడిచిపోతున్నాయి. మోసే మనిషి ఎక్కడా లేడు.

"సుషి. జపాన్ వాళ్ల తిండి. హాస్పిటల్‌లో ఎప్పుడైనా పార్టీలకి తెప్పించేవారు" అన్నారు బావగారు.

"పదండి" అన్నాను.

లోపల కోలగా ఒక పెద్ద గట్టు, దాని చుట్టూ ఎత్తు స్టూళ్లు. గట్టు లోపలి అంచున మన చెయ్యెడల్పు పట్టా ఒకటి ఆగకుండా మెల్లగా కదులుతూ ఉంటుంది. దాని మీద పళ్లేలు, వాటి మీద దోమ కూడా దూరని పారదర్శకపు మూతలు. మధ్యలో తెల్ల టోపీ పెట్టుకున్న వంటాయన నిలబడి, తడి చేత్తో అన్నం ఉండ చేసి, పైన చేప ముక్క పరిచి, పళ్లెంలో పెట్టి పట్టా మీదికి వదులుతాడు. ఎవరికి ఏది కావాలంటే అది తమ ముందుకొచ్చినప్పుడు తీసుకోవడమే. మెనూ చదవక్కర్లేదు. సర్వర్ కోసం మెడ సాచక్కర్లేదు. పళ్లెం రంగును బట్టి ధర: పసుపుది డాలరున్నర, ఆకుపచ్చది రెండు, ఎర్రది మూడు. తిన్నాక ఖాళీ పళ్లేలు మన ముందే దొంతిగా ఉంటాయి, ఆ అమ్మాయి వచ్చి చూసి బిల్లు వేస్తుంది. ఏం తెలివి అనుకున్నాను. మన బంతిలో మనుషులు కూర్చుంటే వడ్డన తిరుగుతుంది. ఇక్కడా అంతే, వడ్డించే చేతులు మాత్రం లేవు.

లేకపోతే ఏం, నేనున్నాను కదా. పట్టా నా వైపు నుంచి బావగారి వైపుకి వెళుతోంది. బాగున్నవి వచ్చినప్పుడల్లా తీసి ఆయన ముందు పెట్టడం మొదలెట్టాను. సాల్మన్ అనే నారింజ రంగు చేప. రొయ్య. గుడ్డు అట్టు. కీరా చుట్ట. పచ్చిచేప అని నేనేం జడుసుకోలేదు. చేపల రేవు దగ్గర పెరిగినదాన్ని, ముక్క మీది మెరుపు చూస్తే తెలుస్తుంది, అది తాజా చేప. ఏడు పళ్లేలయ్యాయి. బావగారు చేతులు ఒళ్లో పెట్టేసుకుని, "చాలమ్మా" అన్నారు.

ఇంక చేసేదేముంది. ఆయన ముట్టలేదు కదా, నేనూ ముట్టలేదు, పోనీ ఎవరైనా తింటారని ఒక పళ్లెం తీసి తిరిగి పట్టా మీద పెట్టబోయాను. పక్క స్టూలు మీద కూర్చున్న పెద్దావిడ నా మణికట్టు పట్టుకుంది. డోరతీ అట, ఇరవై ఏళ్లు స్కూలు బస్సు నడిపిందట, వారానికొకసారి ఇక్కడికి వస్తుందట. ఇవన్నీ తర్వాత చెప్పింది. అప్పుడు మాత్రం బస్సులో అల్లరి పిల్లని ఆపినట్టే ఆపింది.

"నో, హనీ, నో! దిగింది మళ్లీ ఎక్కదు. నువ్వు తీశావంటే అది నీదే."

"ఎవరూ తినలేదండీ" అన్నాను నాకొచ్చిన ఇంగ్లీషులో.

"అది నీకు తెలుసు. అవతల కూర్చున్న వాళ్లకెలా తెలుస్తుంది?"

సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి గానీ, మనసులో ఆవిడకి దణ్ణం పెట్టుకున్నాను. ఎంగిలి పట్టింపు మనకొక్కళ్లకే ఉందనుకుంటాం. ఏడు పళ్లేలు పారేయడానికి చెయ్యి రాదు. బావగారు తినరు. కాబట్టి నేనే తిన్నాను. సాల్మన్ వెన్నలా కరిగింది. గుడ్డు అట్టు తియ్యగా ఉంది, మా మనవలు చూస్తే నన్ను వెక్కిరిస్తారు గానీ నాకు నచ్చింది. రొయ్య బాగుంది, కాస్త ఉప్పూ కారం పడితే ఇంకా బాగుండేది. ఏడో పళ్లెం అయ్యేసరికి కడుపు పగిలిపోయేలా ఉంది. చెయ్యి లేవలేదు సరికదా, "ఇది తినండి బావగారూ" అనడానికి నోరు కూడా లేవలేదు.



రెండో చుట్టు

చేసేదేం లేక పట్టా వైపు చూస్తూ కూర్చున్నాను. అప్పుడు కనబడింది. బావగారి కళ్లు ఒక పళ్లెం వెంట వెళుతున్నాయి. గోధుమ రంగు సంచిలో అన్నం కూరినట్టున్న వంటకం, పసుపు పళ్లెంలో. అది ఆయన ముందుకొచ్చింది, దాటింది, మలుపు తిరిగి వంటాయన వెనక్కి పోయింది. బావగారు మెడ కొంచెం వంచి, అది ఎక్కడిదాకా వెళ్లిందో చూశారు.

నా చెయ్యి దురద పెట్టింది. ఒట్టేసి చెబుతున్నాను, లేచి వెళ్లి ఆ పళ్లెం తెచ్చి ముందు పెడదామనిపించింది. కానీ కడుపు నన్ను కదలనివ్వలేదు. నా జన్మలో నేను చేసిన మంచిపని ఏదైనా ఉందంటే, అది అప్పుడు కదలకుండా కూర్చోవడమే.

పళ్లెం రెండోసారి వచ్చింది. బావగారి చెయ్యి ఒళ్లోంచి లేచింది. గట్టు అంచున ఆగింది. పళ్లెం దాటిపోతుందేమో అనుకునేలోపు ముందుకు చాచి తీసుకున్నారు. మూత తీశారు. సగం కొరికారు. కళ్లు మూసుకున్నారు. మిగతా సగం తిన్నారు.

నేను అటు చూడనట్టు టీ తాగుతున్నాను. డోరతీ నా మోచేతిని పొడిచింది. తనకీ అర్థమైపోయింది.

ఇంకో చుట్టు. ఇంకో సంచి. ఆయన దాన్నీ తీసుకున్నారు. పట్టా మీద అవి ఇక లేవు. అప్పుడు మధ్యలో ఉన్న వంటాయన, బావగారి వైపు చూడనైనా చూడకుండా, మరో రెండు సంచులు కూరి పసుపు పళ్లెంలో పెట్టాడు. తెచ్చి ఆయన చేతికివ్వలేదు. పట్టా మీద, ఆయనకి నాలుగు మూరల ఎగువన పెట్టి, తన పని తను చూసుకున్నాడు. పళ్లెం మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. కావాలంటే తీసుకోవచ్చు, వద్దంటే పోనివ్వచ్చు, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. ఎవరి ఆకులో ఏది తగ్గిందో చూసే కన్ను నాకొక్కదానికే ఉందని ఇన్నాళ్లూ విర్రవీగాను. ఆ వంటాయనకీ ఉంది. చూశాడు, పెట్టాడు, వదిలేశాడు. ఆ వదిలేయడం నాకు రాదు.

బావగారు ఆ పూట అయిదు పళ్లేలు తిన్నారు. ఆఖరిది పచ్చి సాల్మన్. టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని చెప్పారు.

"నువ్వేం అనుకోకు రాజీ. అందరూ నన్ను అడుగుతారు, ఏం తింటారు, ఏం కావాలి అని. లావణ్య రోజూ కాల్ చేసి అడుగుతుంది. నాకు తెలీదమ్మా. నిజంగానే తెలీదు. మీ అక్కయ్య పెట్టేది, నేను తినేవాణ్ణి. నాకేది ఇష్టమో ఆవిడే చూసుకునేది, నేనెప్పుడూ ఆలోచించలేదు. నువ్వు వడ్డిస్తుంటే అదే చెయ్యి, అదే గాజుల చప్పుడు. తలెత్తితే ఆవిడ కాదు. ముద్ద దిగలేదు."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా అక్కయ్య నలభై ఏళ్లు అడగకుండానే పెట్టి, ఈయనకి అడగడం రాకుండా చేసి వెళ్లిపోయింది. నేనేమో అదే చేత్తో వచ్చి, గాయం మీద వారం రోజులు నెయ్యి పోశాను.

డోరతీ ఏమీ అడగకుండా నాకొక కాగితం రుమాలు ఇచ్చింది. లేచేటప్పుడు బావగారి దొంతి చూసి, "నాట్ బ్యాడ్, డాక్టర్" అని భుజం తట్టింది. బిల్లు ముప్పై డాలర్లు కూడా కాలేదు. ఈసారి నేను గుణించలేదు.

నార్త్ కరొలినా సరిహద్దు

మర్నాడు రిచ్‌మండ్ దాటి, నార్త్ కరొలినాలోకి వచ్చాక పెద్ద రోడ్డు వదిలి చిన్న రోడ్డు పట్టాం. అటూ ఇటూ పైన్ చెట్లు, ఎర్రమట్టి, మా తుని వైపు వెళుతున్నట్టుంది. ఒకచోట బావగారు చెప్పాపెట్టకుండా కారు పక్కకి తీశారు. ఏమైందోనని హడలిపోయాను. ముసలాయన ఒకాయన రేకుల పాక ముందు పెద్ద బాన పెట్టుకుని వేరుశనక్కాయలు ఉడకబెడుతున్నాడు. అచ్చం మన దగ్గర బస్టాండులో అమ్మేలాంటివే, తొక్కతో, ఉప్పునీళ్లలో. సంచి మూడు డాలర్లు. ఆయన బావగారిని మాటకి ముందు సర్, వెనక సర్ అంటూ మాకు నాలుగు గింజలు ఊరికే రుచి చూపించాడు. అలా అడిగి మరీ రుచి చూపించే కొట్టువాణ్ణి నేను కాకినాడలో చూసి చాలా ఏళ్లయింది.

కారులో తొక్కలు ఒళ్లో వేసుకుంటూ బావగారు అన్నారు.

"నిన్న ఆ అన్నంలో పులుపు ఉంది చూడు, అది నాకు బాగుంది. మన ఇంట్లో పులుపు తక్కువ."

"అక్కయ్యకి కడుపులో పుండు కదా బావగారూ. మందులేసుకునేది. అందరికీ అదే వంట."

"అవును." కొంత దూరం నడిపారు. "లావణ్య దగ్గర చేపల పులుసు పెడతావా? చింతపండు కొంచెం ఎక్కువ వెయ్యి."

నాకు గుర్తున్నంతలో, మా అక్కయ్య పెళ్లయిన నాటి నుంచి బావగారు నోరు తెరిచి ఒక వంట అడగడం అదే మొదలు. నేను కిటికీ వైపు తిరిగి పైన్ చెట్లు లెక్కపెట్టాను.

మోరిస్‌విల్

లావణ్య చేప కొనుక్కొచ్చింది, తలకాయతో సహా. నేను చింతపండు పిండి, బెండకాయ వేసి, పైకి నూనె తేలేదాకా మరగనిచ్చాను. ముగ్గురం బల్ల దగ్గర కూర్చున్నాం. లావణ్య అలవాటుగా లేచి గరిటె అందుకోబోయింది. నేను దాని మణికట్టు పట్టుకున్నాను, డోరతీ నన్ను పట్టుకున్నట్టు.

"కూర్చో. గిన్నెలు మధ్యలో ఉన్నాయి. ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుంటారు."

"బట్ పిన్నీ, డాడీ..."

"కూర్చోవే."

కూర్చుంది. నేను చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. ఎంత కష్టమో మీకు చెప్పలేను. బావగారు అన్నం గిన్నె వంక చూశారు, పప్పు వంక చూశారు, పులుసు వంక చూశారు. చెయ్యి చాచి గరిటె తీసుకున్నారు.

ఆయన గరిటె తన పళ్లెం మీదికి తీసుకెళ్లలేదు. నా వైపు తిప్పారు.

నేను మామూలుగానే పళ్లేనికి చెయ్యి అడ్డం పెట్టేసి, "ముందు మీరు బావగారూ, నేను తర్వాత" అన్నాను. ఆయన ఆ చేతి వేళ్ల సందుల్లోంచి పొయ్యలేదు. గరిటె పట్టుకుని ఆగారు.

"నీకేది ఇష్టం రాజీ? నడిమి ముక్కా, తోక ముక్కా, తలకాయా?"

నాకు యాభై ఎనిమిదేళ్లు వచ్చాయి. వందల బంతుల్లో వడ్డించాను, ప్రతిసారీ ఆఖర్న కూర్చుని గిన్నె అడుగున ఏది మిగిలితే అది తిన్నాను. ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నన్ను నేనూ అడుక్కోలేదు. బావగారు తొందరపెట్టలేదు. పులుసు చుక్క బల్ల మీద పడుతున్నా గరిటె అలాగే పట్టుకుని ఎదురుచూశారు.

పళ్లెం మీంచి చెయ్యి తీశాను.

"ఆ గిన్నె కొంచెం ఇటు జరపండి బావగారూ" అన్నాను. "చూసి చెబుతాను."